ఖేచరికి పెరటి గుమ్మం

గగనప్రవేశ సంస్థ మహాధ్యక్షులు త్రివిక్రమరావు గారి నుదురు ఖేచరి గుమ్మానికి తగిలిన చప్పుడు మూడో షెడ్డు దాకా వినిపించింది. కొబ్బరికాయ ఎవరు కొట్టారా అని ప్రసాదం కోసం బయలుదేరిన వాళ్లు కూడా ఉన్నారు.

ఖేచరి అంటే మనిషిని ఎక్కించుకుని ఆకాశానికి వెళ్లడానికి ఆ సంస్థ కడుతున్న మొట్టమొదటి నౌక. చూపుకి బోర్లించిన బిందెలా ఉంటుంది. దానికి గుమ్మం చేసే పని ఫోర్‌మన్ సోమాచారిది. వాళ్ల తాతా తండ్రీ గుడి తలుపులు చేసి బతికినవాళ్లు. సోమాచారి కూడా చాలాకాలం ఆ పనే చేసి, తర్వాత రేవులో ఓడల ఉక్కు తలుపులకు మారి, అక్కడి నుంచి ఈ సంస్థకు వచ్చాడు. పనిముట్ల పెట్టె మూత లోపల వెంకటేశ్వరస్వామి పటం ఉంటుంది. పొద్దున్నే మూత తెరిచి దండం పెట్టుకుంటే గానీ సుత్తి ముట్టుకోడు.

ఆయన చేసిన గుమ్మం గుండ్రంగా, రెండున్నర అడుగుల వెడల్పున ఉంటుంది. తలుపు బయటికి తెరుచుకుంటుంది. లోపల ఒక్కటే పిడి. అది లాగితే చుట్టూ ఉన్న పన్నెండు గొళ్లేలూ ఒక్కసారే వదిలేస్తాయి. లోపల పొగ పుట్టినా మంట పుట్టినా పది లెక్కపెట్టేలోగా మనిషి బయటపడాలి. సోమాచారికి గడియారం కంటే దేవుడి మీద గురి ఎక్కువ. అంకెలకు బదులు "గోవింద" అని పదిసార్లు అనేవాడు.

ఖేచరిలో వెళ్లబోయే మనిషి తరళ. వైమానిక దళం నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన పిల్ల. రోజూ సాయంత్రం నాలుగింటికి లోపల పడుకుని, బెల్టులు బిగించుకుని, సోమాచారి కేక వేయగానే బెల్టులు ఊడదీసి, పిడి లాగి, బయట పరిచిన చాప మీదికి దూకేది.

"ఎన్ని, బాబాయ్?"

"ఏడు. ఎనిమిదో గోవింద నోట్లో ఉండగానే చాప మీద పడ్డావు."

"సాగదీసి అని ఉంటావు."

"దేవుడి పేరు గబగబా అనకూడదమ్మా. ఆ లాభం నీకే కదా."

తరళ నవ్వి మోచేతులు దులుపుకుంది. "మా అమ్మ రోజూ ఫోనులో ఏడుస్తోంది. తలుపు మా బాబాయ్ చేస్తున్నాడు, నేను బయటికి రాకపోవడమంటూ ఉండదని చెప్పాను. ఇంక నీ ఇష్టం."

నవ్వుతూ అన్న మాటే. కానీ సోమాచారి ఆ మాట మూటగట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

అధ్యక్షుల వారి నుదురు తగిలింది ఆ గుమ్మానికే. ఆయన ఆరడుగుల రెండంగుళాల మనిషి. ఇరవై ఏళ్లుగా ఏ గుమ్మంలోనూ తల వంచిన జ్ఞాపకం లేదు. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టింది. మర్నాడు పదకొండు గంటలకల్లా శిరోభంగ విచారణ సంఘం ఏర్పడింది. దానికి కన్వీనరు పరాంకుశం గారు, మర్యాదల విభాగం అధిపతి. దండలు, శాలువాలు, కుర్చీల వరసలు, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి అన్నవి ఆయన పరిధి. నౌకా నిర్మాణంలోకి రావడం అదే మొదలు.

సోమాచారిని పిలిపించారు.

"గుమ్మము యొక్క ఎత్తు గౌరవనీయ అధ్యక్షుల వారి ఎత్తు కంటె తక్కువగా నుండుట ప్రథమ దోషముగా గుర్తించడమైనది," అని చదివారు పరాంకుశం గారు.

"అది నిలబడి వెళ్లే గుమ్మం కాదండి. పాక్కుంటూ వెళ్లేది."

"పాకుట అనునది మర్యాదల నియమావళిలో లేదు. నమస్కరించుట ఉన్నది, ఆసీనులగుట ఉన్నది, శాలువా స్వీకరించుట ఉన్నది. పాకుట లేదు. ద్వితీయ దోషము: తలుపు బయటికి తెరుచుకొనుట. అది అతిథిని వెనుకకు నెట్టినట్లగును. మీ ఇంటి వీధి తలుపు ఎటు తెరుచుకుంటుందయ్యా?"

"లోపలికేనండి."

"మరి!" అని ఆయన వెనక్కి వాలారు.

సోమాచారి చేతులు నలుపుకున్నాడు. "మా ఇంట్లో కుక్కరుందండి, మూత లోపలి నుంచి బిగిసే రకం. ఆవిరి నిండిందంటే మూత అంచుకి అతుక్కుపోతుంది, ఏనుగొచ్చి లాగినా రాదు. ఖేచరి లోపల గాలి నింపుతాం కదండీ. తలుపు లోపలికి తెరిచేదైతే ఆ గాలే దాన్ని చట్రానికి అదిమేస్తుంది. ముప్పై మంది పట్టినా కదలదు. లోపల అమ్మాయి ఉంటుందండి."

పరాంకుశం గారు శ్రద్ధగా విని రాసుకున్నారు. నాలుగో రోజున జవాబు వచ్చింది. "కుక్కరు విషయము తగు చర్య నిమిత్తము క్యాంటీన్ విభాగమునకు బదిలీ చేయడమైనది."

కొత్త గుమ్మం లెక్క ఇలా తేలింది. అధ్యక్షుల వారు ఆరడుగుల రెండంగుళాలు. ప్రారంభోత్సవం నాడు కట్టే తలపాగా ఆరంగుళాలు. తలపాగాకీ గుమ్మానికీ మధ్య గౌరవసూచకమైన ఖాళీ నాలుగంగుళాలు. వెరసి ఏడడుగులు. ఖేచరి మొత్తం ఎత్తు ఐదున్నర అడుగులు. ఈ సంగతి సోమాచారి వినయంగా మనవి చేస్తే, కొత్త గుమ్మం పెట్టే పక్కన మాత్రం నౌకను పైకి లేపమన్నారు. లేపారు. బోర్లించిన బిందెకు ఒక పక్కన గోపురం మొలిచినట్టయింది. గోపురం అన్నాక కలశం లేకపోతే బాగుండదని పరాంకుశం గారు ఒక ఇత్తడి కలశానికి ఆర్డరు పెట్టారు.

గుమ్మం తూచి చూస్తే నౌక కంటే బరువుంది. బరువుల సంఘం కూర్చుంది. రెండో సీటు తీసేశారు. తిండి అలమర తీసేశారు. అంత గుమ్మం ఉండగా కిటికీ దేనికని కిటికీ తీసేశారు. ఇంకా నూటపది కిలోలు ఎక్కువగానే ఉంది.

"నన్ను బరువు తగ్గమని కాగితం వచ్చింది, బాబాయ్. ఎంతో రాయలేదు."

"నూటపది కిలోలు."

"నేనున్నదే యాభై రెండు!"

"అదీ చెప్పానమ్మా. దశలవారీగా తగ్గవచ్చునన్నారు."

తరళ ఈసారి నవ్వలేదు. ఏడడుగుల తలుపుతో ఆ సాయంత్రం మొదటి పరీక్ష జరిగింది. గాలి కొద్దిగానే నింపారు. ఆమె రెండు కాళ్లూ గోడకు తన్నిపెట్టి పిడి లాగింది. సోమాచారి పది గోవిందలు అన్నాడు, ఇరవై అన్నాడు, నలభై దాటాక లెక్క వదిలేసి తనే పరుగెత్తి పైన ఉన్న గొట్టం తిప్పి గాలి వదిలాడు. తలుపు తెరుచుకుంది. తరళ ముఖమంతా చెమట.

"ఇవాళ మంట లేదు గనక సరిపోయింది," అంది.

అదే వారంలో ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఒక నౌకకు ఒక్కటే గుమ్మం ఉండాలి గనక, పాత చిన్న గుమ్మాన్ని రేకు వేసి మూసేయాలి.

ఆదివారం మధ్యాహ్నం సోమాచారి కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. భార్య మాణిక్యం మజ్జిగ పోస్తూ, "ఏమైంది మీకు? పప్పులో ఉప్పు లేదని కూడా గుర్తుపట్టలేదు," అంది.

ఆయన జరిగింది చెప్పాడు. "మా నాన్న గర్భగుడి తలుపు ఎప్పుడూ పొట్టిగానే చేసేవాడే. ఊరి పెద్దలు పెంచమంటే, తల తగిలితే తప్పు తలుపుది కాదు బాబూ అనేవాడు. నేను మాత్రం ఏడడుగులు చేసి ఇచ్చాను. పిల్ల లోపల ఇరుక్కుంటే ఆ తల్లికి నేనేం చెప్పుకోవాలి?"

మాణిక్యం మజ్జిగ గిన్నె కింద పెట్టింది. "ఏ ఇంటికైనా పెరటి గుమ్మం ఉంటుంది కదండీ. గొప్పవాళ్ల ఇళ్లలో మరీను. చాకలి, పాలమనిషి, పనమ్మాయి, అందర్నీ వీధి గుమ్మంలోంచి రానిస్తారా వాళ్లు?"

సోమాచారి తలెత్తి ఆవిడ వైపు చూశాడు. తర్వాత పప్పులో ఉప్పు అడిగాడు.

సోమవారం పొద్దున్నే పరాంకుశం గారి గది ముందు నిలబడ్డాడు.

"అయ్యా, ఒక చిన్న అనుమానమండి. ఆ ఏడడుగుల సింహద్వారం ఏ స్థాయి అధికారులకు?"

"రెండవ శ్రేణి, ఆ పైన," అన్నారు పరాంకుశం గారు.

"మరి తరళమ్మ డెప్యుటేషన్ మీద తొమ్మిదో శ్రేణిలో ఉంది కదండీ. అధ్యక్షుల వారు నడిచిన గుమ్మంలోంచే ఆమె కూడా నడిస్తే..."

పరాంకుశం గారి ముఖం పాలిపోయింది. నియమావళి తెరిచారు. వేలితో వరసలు వెతికారు. "ఎంత ప్రమాదం తప్పిందయ్యా! తొమ్మిదవ శ్రేణివారు సింహద్వారమును ఉపయోగించుట శిక్షార్హము. కానీ ఆమె లోపలికి వెళ్లకుండా నౌక ఎలా..."

"ఆ పాత గుమ్మం ఇంకా మూయలేదండి. వెనకాల. పాక్కుంటూ వెళ్తుంది. రెండున్నర అడుగులే."

"తొమ్మిదవ శ్రేణికి రెండడుగులే చెల్లును. సరే, అర అడుగు మానవతా దృష్టితో మంజూరు చేస్తున్నాను." అక్కడికక్కడే రాశారు: తొమ్మిదవ శ్రేణి సిబ్బంది నిమిత్తము వెనుక భాగమున పెరటి గుమ్మము ఒకటి. పై శ్రేణులవారు దానిని వాడరాదు. "మరి తలుపు?"

"బయటికే తెరుచుకుంటుందండి. తొమ్మిదో శ్రేణికి స్వాగతం ఎందుకు?"

"సబబు," అన్నారు పరాంకుశం గారు.

అబద్ధం ఆడానా స్వామీ, అని ఆ రోజు పెట్టె మూత ముందు సోమాచారి చాలాసేపు నిలబడ్డాడు. ఆడలేదనే తోచింది. అడిగిన ప్రశ్న మాత్రం అంత అమాయకమైనది కాదని కూడా తోచింది.

ప్రారంభోత్సవం రోజున షెడ్డు పెళ్లిపందిరిలా వెలిగిపోయింది. దండలన్నీ సింహద్వారానికే వెళ్లాయి. ఫోటోలవాళ్లందరూ అటే నిలబడ్డారు. వెనకవైపు ఎవరూ లేకపోవడంతో సోమాచారి తన పెరటి గుమ్మానికి పసుపు రాసి, చాప పరిచి, చాప చివర పీట మీద స్వామి పటం పెట్టి దీపం వెలిగించుకున్నాడు.

తరళ పెరటి గుమ్మంలోంచి పాక్కుంటూ వెళ్లి తన సీటులో కూర్చుంది. త్రివిక్రమరావు గారు తలపాగాతో, నిటారుగా, కుడికాలు ముందుపెట్టి సింహద్వారంలోంచి వెళ్లారు. నాలుగంగుళాల గౌరవం చెక్కుచెదరలేదు. చప్పట్లు మోగాయి. తలుపు మూశారు. అధ్యక్షుల వారు లోపల నిలబడి, మీట నొక్కి, స్వహస్తాలతో నౌకలోకి గాలి నింపారు. మళ్లీ చప్పట్లు.

తర్వాత గాలి వదలాలి. వదల్లేదు.

సోమాచారి తలెత్తి పైకి చూశాడు. గోపురం మీద ఇత్తడి కలశం ధగధగలాడుతోంది. గాలి వదిలే గొట్టం ఉన్నది సరిగ్గా అక్కడే.

"అయ్యా, ఆ కలశం ఎక్కడ పెట్టారండి?"

"శిఖరాగ్రమున. కొలిచి చేయించినట్టు ఒక గొట్టం మూతి దొరికింది," అన్నారు పరాంకుశం గారు సంతోషంగా. "కొంచెం ఊగుతోందని ఉక్కు జిగురుతో అతికించాము. ఇక వందేళ్లు కదలదు."

మైకులోంచి తరళ గొంతు వినిపించింది. "బాబాయ్, ఆయన నొక్కిన మీట పైకి రావడం లేదు. గాలి వస్తూనే ఉంది. ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది." గొంతు నిలకడగానే ఉంది. ఆ నిలకడే సోమాచారిని ఎక్కువ భయపెట్టింది.

పన్నెండు మంది సింహద్వారాన్ని లోపలికి తోశారు. తర్వాత ఇరవై మంది. ముప్పై మందికి చోటు చాల్లేదు గానీ చోటున్నా కదిలేది కాదు.

"తరళా, పెరటి గుమ్మం!" అని సోమాచారి మైకు అందుకోబోయాడు. పరాంకుశం గారు దాన్ని గుండెలకు హత్తుకున్నారు.

"ఆగవయ్యా! పై శ్రేణులవారు దానిని వాడరాదు. నేనే సంతకం పెట్టాను. అధ్యక్షుల వారు దానిలోంచి రావలెనన్న ముందు తొమ్మిదవ శ్రేణికి తగ్గవలెను."

"పరాంకుశం!" లోపలి నుంచి త్రివిక్రమరావు గారి గొంతు. "నన్ను తగ్గించు!"

"తమరిని తగ్గించు అధికారము తమరికే ఉన్నది సార్."

"అయితే తగ్గించుకున్నాను! ఇదిగో!"

"మౌఖిక ఉత్తర్వులు చెల్లవు సార్. కాగితము టైపు చేయించి సంతకమునకు పంపెదను." కాగితం టైపు చేయించారు కూడా. చేతిలో పట్టుకుని నౌక చుట్టూ రెండుసార్లు తిరిగారు. లోపలికి పంపడానికి సందు కనిపించలేదు. "సంతకము అయితేనే తలుపు, తలుపు అయితేనే సంతకము," అని తనలో తాను అనుకుంటూ మూడో చుట్టు మొదలుపెట్టారు. ఆ గాభరాలో మైకు వదిలేశారు.

సోమాచారి మైకు తీసుకున్నాడు.

"అమ్మా, మొదలుపెడుతున్నాను. పది."

"సార్, పొట్ట మీద పడుకోండి," అంటున్న తరళ గొంతు వినిపించింది.

"నేనా? నేను త్రివిక్రమరావుని!"

"అయ్యా," అన్నాడు సోమాచారి, "అంతటి త్రివిక్రముడూ బలి చక్రవర్తి వాకిట్లోకి వామనుడిగానే వెళ్లాడండి. పెరగడానికి తర్వాత బోలెడు సమయం దొరికింది ఆయనకి. గోవింద!"

లోపల ఏదో మెత్తగా నేలను తాకింది. తలపాగా.

"గోవింద!" అన్నాడు సోమాచారి. చుట్టూ ఉన్న జనానికి ఏం జరుగుతోందో తెలియదు. గోవింద వినబడితే ఊరుకోలేరు కదా, వాళ్లూ అందుకున్నారు. మూడు, నాలుగు, షెడ్డు దద్దరిల్లింది. ఫోటోలవాళ్లు వెనక్కి పరుగెత్తుకొచ్చారు. ఐదో గోవిందకు పన్నెండు గొళ్లేలూ వదిలాయి. ఫట్టుమని తలుపు తెరుచుకుంది. బిగబట్టిన గాలంతా ఒక్క ఊపున బయటికి తన్నుకొచ్చింది. దాంతోపాటు సంస్థ మహాధ్యక్షులు పనసతొనలోంచి గింజలా జారి, చేతులు ముందుకు చాచి, బోర్లా, చాప మీద చివరిదాకా వచ్చి ఆగారు. ఎనిమిదో గోవిందకు ఆయన పక్కనే తరళ దొర్లింది.



త్రివిక్రమరావు గారు మెల్లగా తల ఎత్తారు. ఎదురుగా దీపం, దీపం వెనక స్వామి. అటూ ఇటూ పధ్నాలుగు కెమెరాలు. ఆయన రెండుసార్లు కళ్లు ఆర్పారు. తర్వాత చాచిన చేతులు జోడించి, గట్టిగా, "గోవిందా!" అన్నారు.

మర్నాడు అన్ని పత్రికల్లోనూ అదే ఫోటో. ఆకాశాన్ని జయించబోయే ముందు అవనికి సాష్టాంగపడిన వినయమూర్తి అని రాశారు. కొందరు కంటతడి పెట్టుకున్నామని సంపాదకులకు ఉత్తరాలు రాశారు.

సోమాచారి పేపరు మడిచి పెట్టాడు.

"ఆయనకి నిజంగానే భక్తి కలిగిందంటారా?" అని అడిగింది మాణిక్యం.

"ఏమోనే. నడుమైతే వంగింది. లోపలి సంగతి ఆ స్వామికే తెలియాలి."

పదో రోజున సర్క్యులర్ వచ్చింది. అధ్యక్షుల వారు స్వయముగా నెలకొల్పిన సంప్రదాయము ననుసరించి, ఇకమీదట ఖేచరికి రెండున్నర అడుగుల సాష్టాంగ ద్వారము ఒక్కటే ఉండవలెను. సింహద్వారము రద్దు. సోమాచారి ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. గోపురం కూల్చేశారు, కిటికీ తిరిగి వచ్చింది, తిండి అలమర వచ్చింది, తరళ యాభై రెండు కిలోలూ ఆమెకే మిగిలాయి.

సర్క్యులర్‌కు రెండో పేజీ కూడా ఉంది. వినయము నౌకకే పరిమితము కారాదు గనక, సంస్థలోని అన్ని గదుల గుమ్మాలూ రెండున్నర అడుగులకు తగ్గించాలి. నెల తిరిగేసరికి తగ్గించారు. ఫైళ్లు మోకాళ్ల మీద తిరిగాయి. పరాంకుశం గారు శాలువా ఉన్న పళ్లేన్ని ముందుకు జరుపుకుంటూ, దాని వెనక తాము జరుగుతూ, అతిథులను ఆహ్వానించారు. పాకుట అనే అధ్యాయం నియమావళిలో చేరింది. శ్రేణిని బట్టి మోచేతులా, మోకాళ్లా, పూర్తిగా పొట్టా అన్నది అందులో వివరంగా ఉంది. చివరి నియమం: సాష్టాంగ ద్వారము ఎదుట ఎవరును నిలబడి ఉండరాదు.

ఆ ఏడు మాఘమాసంలో ఖేచరి ఆకాశానికి వెళ్లింది. భూమిని మూడుసార్లు చుట్టి సముద్రంలో దిగింది. ఓడ దాన్ని తాళ్లతో పైకి లాగి, డెక్కు మీద పెట్టింది. సోమాచారి చాప పరిచాడు. రేకుల మధ్య నుంచి సన్నగా పొగ వస్తోంది. అది సముద్రపు నీళ్లు వేడికి ఆవిరవుతున్నదని ఇంజనీర్లు చెప్పారు గానీ, ఆయన చెవికెక్కలేదు.

"అమ్మా, మొదలుపెడుతున్నాను!" అని అరిచాడు. ఈసారి సాగదీయలేదు. దేవుడి పేరు జీవితంలో మొదటిసారి గబగబా అన్నాడు. ఆరో గోవిందకు గొళ్లేలు వదిలాయి. ఏడుకి తరళ చాప మీద ఉంది.

ఆమె ఉప్పుగాలి గుండెలనిండా పీల్చి, తల తిప్పి చూసి, గబుక్కున లేచి కూర్చుంది. డెక్కు మీద ఈ చివర నుంచి ఆ చివరదాకా త్రివిక్రమరావు గారు, పరాంకుశం గారు, మూడు సంఘాల సభ్యులు, బ్యాండువాళ్లు, అందరూ బోర్లా పడి ఉన్నారు. నిలబడ్డది సోమాచారి ఒక్కడే. సిబ్బంది పాకవలసిన పద్ధతిని తొమ్మిదో శ్రేణి దాకా రాసి ఆపేశారు. ఆయనది పదకొండు.

"బాబాయ్! ఏమైంది వీళ్లందరికీ?"

"ఏం కాలేదమ్మా. నీకు స్వాగతం."

"మరి లేవరేం?"

"లేవమని ఉత్తర్వు రావాలట. సంతకం పెట్టవలసిన ఆయన కూడా పడుకునే ఉన్నాడు." సోమాచారి పై కండువాతో కళ్లు ఒత్తుకుని, ఆమెకు చెయ్యి అందించాడు. "నువ్వు లే. కాళ్లు చూసుకుని నడు, వాళ్ల చేతులు తొక్కేవు. ముందు మీ అమ్మకి ఫోన్ చేద్దాం."